పేరు గుర్తులేని ఫైలును కమాండ్ లైన్‌లో పట్టుకోవడం: సమగ్ర మార్గదర్శి

ఉలవపాడు నుంచి రొయ్యల రైతు ల్యాబ్‌కి ఫోన్ చేస్తాడు. "అబ్బయా, అమాసకి ముందు ఇచ్చిన నీళ్ళ రిపోర్టు కనపడటంలా. ఇంకోసారి వాట్సాప్‌లో పెట్టు." ఆ ఫైలు పేరేమిటో రైతుకు తెలియదు. పేరు పెట్టిన కుర్రాడికీ గుర్తుండదు. అయినా చేతిలో బోలెడు ఆధారాలున్నాయి. ఊరు తెలుసు. ఏ వారమో దాదాపుగా తెలుసు. అది పీడీఎఫ్ అని తెలుసు. అమ్మోనియా ఎక్కువుందని అందులో రాసిన సంగతి కూడా తెలుసు. మౌసుతో ఒక్కో ఫోల్డరూ తెరుచుకుంటూ పోతే ఈ ఆధారాలు దేనికీ పనికిరావు. కమాండ్ లైన్‌లో, అంటే కమాండ్లు టైపు చేసి కంప్యూటర్‌తో పని చేయించుకునేచోట మాత్రం, ఒక్కో ఆధారం ఒక్కో షరతు అవుతుంది. ఫైలును దాని పేరుతోనే వెతకాలన్న అలవాటు వదిలేసి, మనకు గుర్తున్నదానితో వెతకడం ఎలాగో ఇక్కడ మొదటి మెట్టు నుంచి చెబుతాను.

ముందుగా రాత పద్ధతి గురించి. కమాండ్లన్నీ తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఎల్ఎస్, సీడీ, పీడబ్ల్యూడీ అని ఉన్నచోట అవి విడివిడి అక్షరాలు. ఫైండ్, గ్రెప్, లొకేట్, నేమ్, టైప్ లాంటివి పూర్తి మాటలు. ఐనేమ్, ఎంటైమ్ లాంటివాటిలో ముందు ఒక అక్షరం, దానికి తగిలించి ఒక మాట. పెద్ద అక్షరం కావలసినచోట విడిగా చెబుతాను. గీతలు, చుక్కలు, కొటేషన్లు, నక్షత్రం గుర్తు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. ఫోల్డర్ల పేర్లు మాత్రం నిజంగానే తెలుగులో ఉన్నాయనుకోండి, లినక్స్‌లో తెలుగు పేర్లు నిక్షేపంగా నడుస్తాయి. ఉదాహరణలన్నీ ఉబుంటు, డెబియన్, మింట్ లాంటి లినక్స్ మీద పనిచేస్తాయి. విండోస్ వాళ్ళకూ ఫోనులో ప్రయత్నించేవాళ్ళకూ చివర్లో చెబుతాను.

ఉదాహరణ కోసం ఒక ఆక్వా ల్యాబ్ ఫోల్డరును ఇలా ఊహించుకుందాం:

    ల్యాబ్/
        నెల్లూరు/
            ఇందుకూరుపేట/
            విడవలూరు/
            ముత్తుకూరు/
        ప్రకాశం/
            ఉలవపాడు/
            సింగరాయకొండ/
            కొత్తపట్నం/
        ఫోటోలు/

మొదట మీరెక్కడున్నారో చూసుకోండి

టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరవగానే మీరు ఏదో ఒక ఫోల్డరులో ఉంటారు. ఏ కమాండ్ ఇచ్చినా లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. ఎక్కడున్నారో తెలియాలంటే:

    పీడబ్ల్యూడీ

మామూలుగా /హోమ్/ తర్వాత మీ యూజర్ పేరు కనిపిస్తుంది. అది మీ సొంత ఫోల్డరు. దాన్నే ~ గుర్తుతో కూడా పిలవొచ్చు. ముందున్న ఏటవాలు గీత మొత్తం ఫైళ్ళ చెట్టుకు వేరు. దానితో మొదలయ్యే దారి పూర్తి దారి, మీరు ఎక్కడున్నా అదే చోటికి తీసుకెళ్తుంది. ఏటవాలు గీత లేకుండా మొదలైతే, మీరున్న చోటి నుంచి లెక్క. కొత్తవాళ్ళకు "అలాంటి ఫైలు లేదు" అన్న సమాధానం వచ్చే సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ తేడా దగ్గరే తేలిపోతాయి. ఫైలు ఉంటుంది, మనమే వేరేచోట ఉంటాం.

కదలడానికి సీడీ ఒక్కటి చాలు. దాన్ని రకరకాలుగా వాడొచ్చు:

    సీడీ ల్యాబ్/నెల్లూరు/విడవలూరు
    సీడీ ..
    సీడీ ../ముత్తుకూరు
    సీడీ
    సీడీ -

మొదటిది నేరుగా విడవలూరు ఫోల్డరులోకి. రెండు చుక్కలు ఒక మెట్టు పైకి. మూడోది విడవలూరులో ఉండి కొడితే ఒక మెట్టు పైకెక్కి పక్క ఫోల్డరులోకి దిగుతుంది. ఉత్త సీడీ ఎక్కడున్నా ఇంటికి చేరుస్తుంది. చివరిదాన్ని చాలామంది వాడరు, అది నాకు చాలా నచ్చినది. సీడీ తర్వాత ఖాళీ వదిలి అడ్డగీత పెడితే, ఇంతకుముందు ఉన్న చోటికి వెనక్కి వెళ్తారు. మళ్ళీ కొడితే మళ్ళీ ఇటు వస్తారు. విడవలూరు రిపోర్టునూ సింగరాయకొండ రిపోర్టునూ పోల్చి చూడాల్సినప్పుడు ఈ రెండు చోట్ల మధ్య తిరగడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

ట్యాబ్ కీ అలవాటు చేసుకోకుండా కమాండ్ లైన్‌లో హాయిగా పనిచేయడం కష్టం. పేరులో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తి చేస్తుంది. అదే మొదలుతో రెండు మూడు పేర్లుంటే ట్యాబ్ రెండుసార్లు నొక్కండి, అన్నీ చూపిస్తుంది. వేళ్ళ శ్రమ తగ్గడం దీని చిన్న లాభం. పెద్ద లాభం వేరే ఉంది. ట్యాబ్ పూర్తి చేసిందంటే ఆ పేరు అక్కడ నిజంగా ఉన్నట్టు. పూర్తి చేయలేదంటే దారి తప్పారన్నమాట, ఎంటర్ నొక్కకముందే తెలిసిపోతుంది.

పేరులో ఖాళీ ఉంటే కొటేషన్లు తప్పనిసరి. "నీళ్ళ రిపోర్టులు" అనే ఫోల్డరును కొటేషన్లు లేకుండా కొడితే కంప్యూటర్ దాన్ని రెండు పేర్లుగా చదువుతుంది.

    సీడీ 'నీళ్ళ రిపోర్టులు'

ఇంగ్లీషులో పేర్లు పెట్టేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. లినక్స్‌లో పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. పెద్ద ఆర్‌తో మొదలైన రిపోర్టు ఒకటి, చిన్న ఆర్‌తో మొదలైనది ఇంకొకటి, రెండూ ఒకే ఫోల్డరులో పక్కపక్కనే ఉండగలవు.

చూడటం

ఎల్ఎస్ అంటే ఇక్కడ ఏమున్నాయో చూపించమని. ఉత్తగా వాడితే పేర్లు మాత్రమే వస్తాయి. రోజువారీ పనికి నేను సిఫారసు చేసేది ఇది:

    ఎల్ఎస్ -ఎల్‌టీఆర్‌హెచ్

ఎల్, టీ, ఆర్, హెచ్: నాలుగు అక్షరాలు కలిపి. ఎల్ వివరాలు చూపిస్తుంది. టీ కాలం ప్రకారం వరస పెడుతుంది. ఆర్ ఆ వరసను తిరగేస్తుంది. హెచ్ సైజును మనిషికి అర్థమయ్యేలా కేబీ, ఎంబీల్లో రాస్తుంది. తిరగేయడం ఎందుకంటే, అప్పుడు అన్నిటికంటే కొత్త ఫైలు జాబితా చివర్న, మీ కర్సరుకు సరిగ్గా పైన వస్తుంది. వందల ఫైళ్ళున్న ఫోల్డరులో కూడా పైకి జరిపి చూడాల్సిన పని ఉండదు. ఇప్పుడే సేవ్ చేసిన రిపోర్టు కళ్ళముందు ఉంటుంది.

చుక్కతో మొదలయ్యే పేర్లు మామూలుగా కనిపించవు, వాటికి -ఏ కలపాలి. ఫోల్డర్ల నిర్మాణం బొమ్మలా కావాలంటే ట్రీ అనే ప్రోగ్రాం వేసుకుని "ట్రీ -డీ -ఎల్ 2" అని కొట్టండి. ఇక్కడ ఎల్ పెద్ద అక్షరం. రెండు మెట్ల లోతు వరకూ ఫోల్డర్లు మాత్రమే చూపిస్తుంది.

ఫైండ్: అసలు పని ఇక్కడ

ఫైండ్ కమాండ్‌కు మూడు భాగాలు: ఎక్కడ నుంచి వెతకాలి, ఏ షరతులతో, దొరికాక ఏం చేయాలి. మూడోది చెప్పకపోతే దొరికినవాటి దారి చూపించి ఊరుకుంటుంది. ఉలవపాడు రైతు అడిగినదాన్ని ఈ భాషలోకి మారిస్తే:

    ఫైండ్ ల్యాబ్/ప్రకాశం/ఉలవపాడు -టైప్ ఎఫ్ -ఐనేమ్ '*.పీడీఎఫ్' -ఎంటైమ్ -20

ఉలవపాడు ఫోల్డరు నుంచి మొదలుపెట్టి లోపలున్న ఫోల్డర్లన్నీ దిగి, ఫైళ్ళు మాత్రమే, పేరు చివర పీడీఎఫ్ ఉన్నవి, గత 20 రోజుల్లో మారినవి చూపించమని అర్థం. షరతులన్నీ ఒకేసారి నిజం కావాలి. ఒక్కో షరతు చేర్చినకొద్దీ జాబితా చిన్నదవుతుంది.

మొదలుపెట్టే చోటును అజాగ్రత్తగా ఎంచుకోకండి. ఏటవాలు గీత ఒక్కటే పెట్టి కంప్యూటరంతా వెతకమంటే చాలాసేపు తిరుగుతుంది. పైగా మీకు అనుమతి లేని ఫోల్డర్ల గురించి ఫిర్యాదులతో తెర నిండిపోతుంది. ఊరు తెలిసినప్పుడు ఊరి ఫోల్డరు నుంచే మొదలుపెట్టండి. అంతటా వెతకక తప్పకపోతే చివర్న 2>/డెవ్/నల్ అని చేర్చండి, ఆ ఫిర్యాదులు పక్కకు పోయి దొరికినవి మాత్రమే కనిపిస్తాయి.

నేమ్, ఐనేమ్‌ల మధ్య తేడా ఇంగ్లీషు అక్షరాల పెద్దా చిన్నా విషయంలో మాత్రమే. కెమెరాలు కొన్ని పెద్ద అక్షరాల్లో జేపీజీ అని పెడతాయి, ఫోన్లు చిన్న అక్షరాల్లో పెడతాయి. అందుకని ఐనేమ్ వాడటమే మేలు.

నక్షత్రం చుట్టూ కొటేషన్లు ఎందుకో అర్థం చేసుకోవాలి. కొటేషన్లు లేకపోతే ఫైండ్ దాకా నక్షత్రం చేరదు. షెల్ (మీరు కొట్టిన కమాండ్‌ను ముందుగా చదివే ప్రోగ్రాం) మధ్యలోనే దాన్ని పట్టుకుని, మీరున్న ఫోల్డరులోని పీడీఎఫ్ పేర్లను ఆ స్థానంలో నింపేస్తుంది. అక్కడ ఒక్క పీడీఎఫ్ ఉంటే ఫైండ్ లోపలి ఫోల్డర్లలో ఆ ఒక్క పేరు కోసమే వెతుకుతుంది. రెండు ఉంటే తప్పు అని ఆగిపోతుంది. ఒక్కటీ లేకపోతే సరిగ్గా పనిచేస్తుంది. నిన్న పనిచేసిన కమాండ్ ఇవాళ పనిచేయడం లేదని తలపట్టుకునేవాళ్ళు మొదట ఈ కొటేషన్లే చూసుకోవాలి.

కాలంతో వెతకడం

నా దృష్టిలో ఫైండ్‌లో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. మనిషికి పేర్లకంటే సందర్భాలు బాగా గుర్తుంటాయి.

ఎంటైమ్ లెక్క తేదీల లెక్క కాదు, 24 గంటల లెక్క. ఫైలు వయసును 24 గంటలతో భాగించి, మిగిలిన భిన్నాన్ని వదిలేస్తుంది. -ఎంటైమ్ 0 అంటే గత 24 గంటల్లో మారినవి. -ఎంటైమ్ -3 అంటే మూడు రోజుల లోపువి. -ఎంటైమ్ +1 అంటే ఒక రోజు దాటినవి అనుకుంటాం, నిజానికి రెండు రోజులు నిండినవే వస్తాయి, ఎందుకంటే ఒకటిన్నర రోజుల వయసు కూడా ఒకటిగానే లెక్కపడుతుంది. గంటల్లో కావాలంటే ఎంమిన్ వాడండి: -ఎంమిన్ -60 అంటే గత గంటలో మారినవి.

"అమాసకి ముందు" అన్నదాన్ని పట్టుకోవాలంటే రోజుల లెక్కకంటే తేదీలే నయం. 2024 జూన్‌లో అమావాస్య 6వ తేదీన పడింది. దానికి ముందు వారం కావాలి:

    ఫైండ్ ల్యాబ్/ప్రకాశం -టైప్ ఎఫ్ -న్యూయర్ఎంటీ 2024-05-30 ! -న్యూయర్ఎంటీ 2024-06-07

న్యూయర్ అనే మాటకు ఎం, టీ అక్షరాలు తగిలించి కొట్టాలి. మే 30 మొదలైన తర్వాత మారినవి, జూన్ 7 మొదలైన తర్వాత మారనివి అని దీని అర్థం. అంటే జూన్ 6 రాత్రి దాకా. ఆశ్చర్యార్థకం షరతును తిరగేస్తుంది, దాని రెండు పక్కలా ఖాళీ ఉండాలి. పండగ, తుఫాను, పట్టుబడి రోజు, ఏ సందర్భం గుర్తున్నా దాని తేదీ పంచాంగంలోనో క్యాలెండర్‌లోనో చూసుకుని ఇలా కిటికీ వేసేయొచ్చు.

ఒక చిక్కుంది. ఎంటైమ్ అంటే ఫైలు లోపలి విషయం చివరిసారి మారిన సమయం. పెన్‌డ్రైవ్ నుంచి మామూలు సీపీ కమాండ్‌తో కాపీ చేస్తే కొత్త కాపీకి ఇవాళ్టి సమయం పడుతుంది, పాతకాలం గుర్తు చెరిగిపోతుంది. సీపీ -పీ అని కాపీ చేస్తే అసలు సమయం నిలుస్తుంది. ఎప్పటికైనా కాలంతో వెతకాల్సి వచ్చే ఫైళ్ళను కాపీ చేసేటప్పుడు ఆ -పీ మరవకండి.

సైజు, ఇంకొన్ని షరతులు

డిస్కు నిండిపోయిందని గోల పెట్టినప్పుడు పెద్ద ఫైళ్ళు కావాలి:

    ఫైండ్ ల్యాబ్ -టైప్ ఎఫ్ -సైజ్ +100ఎం

ఇక్కడ ఎం పెద్ద అక్షరం. కేబీలకు చిన్న కె, జీబీలకు పెద్ద జీ. సైజును ఆ కొలమానంలోకి పైకి సవరించి చూస్తుంది కాబట్టి -సైజ్ -1ఎం అంటే ఒక ఎంబీ కంటే చిన్నవి రావు, పూర్తిగా ఖాళీగా ఉన్న ఫైళ్ళు మాత్రమే వస్తాయి. చిన్న ఫైళ్ళు కావాలంటే -సైజ్ -1024కె అనండి. ఏ ఫోల్డరు ఎంత మింగిందో చూడాలంటే ఫైండ్ కంటే ఇది నయం:

    డీయూ -ఎస్‌హెచ్ * | సార్ట్ -హెచ్

ఫోల్డర్లు మాత్రమే కావాలంటే -టైప్ డీ. ఎక్కువ లోతుకు దిగొద్దంటే -మ్యాక్స్‌డెప్త్ 2, దీన్ని మిగతా షరతులకంటే ముందు రాయాలి. బ్యాకప్ ఫోల్డర్లను ఫలితాల్లోంచి తీసేయాలంటే ! -పాత్ '*/బ్యాకప్/*'. "ఇదో అదో" అనాలంటే మధ్యలో -ఓ పెట్టి, రెండింటినీ బ్రాకెట్లలో ఉంచి, ఒక్కో బ్రాకెట్ ముందు వెనకవాలు గీత పెట్టాలి:

    ఫైండ్ ల్యాబ్/ఫోటోలు -టైప్ ఎఫ్ \( -ఐనేమ్ '*.జేపీజీ' -ఓ -ఐనేమ్ '*.పీఎన్‌జీ' \) -ఎంటైమ్ -7

బ్రాకెట్లు తీసేస్తే వారం రోజుల షరతు పీఎన్‌జీలకే వర్తిస్తుంది, జేపీజీలు పాతవీ కొత్తవీ అన్నీ వచ్చేస్తాయి.

తెలుగు పేర్లతో వచ్చే చిక్కులు

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఇంగ్లీషు గైడ్లలో ఇది దొరకదు.

ప్రశ్నార్థకం గుర్తు ఏదైనా ఒక్క అక్షరానికి బదులు నిలబడుతుంది. తెలుగులో ఆ ఒక్కటి మనం చదివే అక్షరం కాదు. "రొయ్య" మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ లోపల అయిదు: ర, ఒత్వం, య, పొల్లు, య. కాబట్టి '??' అని వెతికితే రొయ్య దొరకదు. తెలుగు పేర్లకు ప్రశ్నార్థకం జోలికి పోకుండా నక్షత్రమే వాడండి.

రెండోది వర్ణక్రమం. ఒకరు నీళ్ళు అని రాస్తారు, ఇంకొకరు నీళ్లు అని. రెండూ సరైనవే, కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు. చదరపు బ్రాకెట్లు దీన్ని పరిష్కరిస్తాయి:

    ఫైండ్ ల్యాబ్ -నేమ్ '*నీళ్[ళల]*'

పొల్లు తర్వాత ళ ఉన్నా ల ఉన్నా దొరుకుతుంది. పెళ్ళి, వెళ్ళు, ఊళ్ళు లాంటి మాటలన్నిటికీ ఇదే చిట్కా.

మూడోది కంటికి కనిపించనిది. "ల్యాబ్‌లో" అన్నప్పుడు పొల్లు తర్వాత ల కింద ఒత్తుగా మారకుండా చాలా కీబోర్డులు మధ్యలో ఒక అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి. దాన్ని చేర్చిన పేరూ చేర్చని పేరూ కంప్యూటర్‌కు వేరు. పొల్లు దగ్గర అనుమానం వస్తే అక్కడ నక్షత్రం పెట్టేయండి: '*ల్యాబ్*లో*'. కొత్తగా పేర్లు పెట్టేవాళ్ళకు నా సలహా: ఫైలు పేరులో ఉలవపాడు, కొత్తపట్నం లాంటి విడి పేర్లే ఉంచండి, విభక్తులు తగిలించకండి.

టెర్మినల్‌లో తెలుగు ఒత్తులు ముక్కలై చెల్లాచెదురుగా కనిపించవచ్చు. అది చూపించడంలో లోపం, ఫైలు పేరు లోపల సవ్యంగానే ఉంటుంది.

లోపలి మాటతో వెతకడం

ఫైలు లోపల ఏం రాసుందో గుర్తుంటే గ్రెప్.

    గ్రెప్ -ఆర్ఎల్ 'అమ్మోనియా' ల్యాబ్/ప్రకాశం

ఆర్ లోపలి ఫోల్డర్లలోకి దిగుతుంది. ఎల్ ఫైలు పేరు మాత్రమే చూపిస్తుంది. ఎల్ తీసేసి ఎన్ పెడితే ఆ మాట ఉన్న వరుసా దాని సంఖ్యా చూపిస్తుంది. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైళ్ళలో మాత్రమే చూడాలంటే --ఇన్‌క్లూడ్='*.సీఎస్‌వీ' అని చేర్చండి. సెలినిటీ, ఆల్కలినిటీ, పీహెచ్ అంకెలు సీఎస్‌వీల్లో రాసుకునే ల్యాబ్‌లకు దీంతో సగం పని అయిపోతుంది. ఒకే రైతు గుంటల వివరాలన్నీ ఒక్క కమాండ్‌తో వరసగా తెర మీదికి వస్తాయి.

గ్రెప్ ఎక్కడ చూడలేదో తెలియడం కూడా అంతే అవసరం. పీడీఎఫ్ లోపలి మాటలు మామూలు గ్రెప్‌కు కనపడవు, పీడీఎఫ్‌గ్రెప్ అనే వేరే ప్రోగ్రాం వేసుకోవాలి. స్కాన్ చేసి పెట్టిన కాగితమైతే అదీ పనిచేయదు, అందులో ఉన్నది బొమ్మ. వర్డ్, ఎక్సెల్ కొత్త తరహా ఫైళ్ళు జిప్ కట్టలు కాబట్టి వాటిలోకీ గ్రెప్ నేరుగా తొంగిచూడలేదు. ఇక నెల్లూరు, ఒంగోలు డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ మీద అను ఫాంట్లతో కొట్టిన పాత తెలుగు ఫైళ్ళ సంగతి. ఆ ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగే, లోపల దాచేది ఇంగ్లీషు, ఇతర గుర్తుల సంకేతాలు. ఇప్పుడు మనం టైపు చేసే తెలుగు యూనికోడ్ అనే వేరే సంకేతాల్లో ఉంటుంది, అందులో ఉలవపాడు అని ఎంత వెతికినా అవి తగలవు. వాటికి పేరూ కాలమూ సైజే దిక్కు, లేదా ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

లొకేట్

లొకేట్ ముందే తయారు చేసి పెట్టుకున్న పేర్ల జాబితాలో చూస్తుంది, అందుకే కంప్యూటరంతా క్షణంలో వెతుకుతుంది. ఆ జాబితా మామూలుగా రోజుకోసారి తాజా అవుతుంది. పొద్దున పెట్టిన ఫైలు మధ్యాహ్నం లొకేట్‌కు తెలియకపోవచ్చు. "సుడో అప్‌డేట్‌డీబీ" అని కొడితే (సుడో అంటే అడ్మిన్ అనుమతితో నడపమని) జాబితా అప్పటికప్పుడు కొత్తదవుతుంది. పాత ఫైలు ఏ మూలనుందో బొత్తిగా తెలియనప్పుడు లొకేట్, ఇవాళ్టి ఫైలుకు ఫైండ్.

మండలం జిల్లా మారితే

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు కందుకూరు, దానితోపాటు ఉలవపాడు నెల్లూరు జిల్లాలోకి వెళ్ళాయి. చీరాల, అద్దంకి బాపట్లలోకి, గూడూరు, సూళ్ళూరుపేట తిరుపతిలోకి వెళ్ళాయి. జిల్లాల వారీగా ఫోల్డర్లు కట్టుకున్న ప్రతి ఆఫీసుకూ ఇది నిజమైన సమస్య. అప్పుడు కొత్త రిపోర్టులు నెల్లూరు కింద పెట్టాల్సి వచ్చింది. పాత కాగితాల్లో, ఎక్సెల్ లింకుల్లో మాత్రం ప్రకాశం దారే రాసుంది. రెండూ నడవాలంటే ఫోల్డరును మార్చి, పాత చోట ఒక లింకు వదలాలి:

    సీడీ ~/ల్యాబ్
    ఎంవీ ప్రకాశం/ఉలవపాడు నెల్లూరు/
    ఎల్ఎన్ -ఎస్ ../నెల్లూరు/ఉలవపాడు ప్రకాశం/ఉలవపాడు

రెండో వరసలోని ఎంవీ ఫోల్డరును కొత్త చోటికి జరుపుతుంది. మూడో వరసలో ముందున్నది లక్ష్యం, తర్వాతది లింకు. లక్ష్యం దారిని లింకు ఉండబోయే చోటి నుంచి లెక్కపెట్టాలి. ప్రకాశం ఫోల్డరులో నిలబడి చూస్తే ఒక మెట్టు పైకెక్కి నెల్లూరులోకి దిగాలి, అందుకే రెండు చుక్కలు. ఇప్పుడు పాత దారిలో వెళ్ళినా కొత్త చోటే తెరుచుకుంటుంది.

ఇలా లింకు వేశాక ఫైండ్ విషయంలో ఒకటి మారుతుంది. ఫైండ్ మామూలుగా లింకుల్లోకి దిగదు. ఉత్త సీడీతో ఇంటికి తిరిగొచ్చి, పైన రాసిన ఉలవపాడు కమాండ్‌ను ఇప్పుడు అలాగే కొడితే ఒక్క ఫైలూ రాదు, ఫైళ్ళు పోయాయేమోనని గుండె జారుతుంది. దారి చివర ఏటవాలు గీత చేర్చండి:

    ఫైండ్ ల్యాబ్/ప్రకాశం/ఉలవపాడు/ -టైప్ ఎఫ్ -ఐనేమ్ '*.పీడీఎఫ్'

అన్నీ వచ్చేస్తాయి. లింకులన్నిటిలోకీ దిగమని చెప్పాలంటే ఫైండ్ తర్వాత వెంటనే పెద్ద అక్షరం -ఎల్ పెట్టాలి. అప్పుడు ల్యాబ్ మొత్తం మీద వెతికితే ఉలవపాడు ఫైళ్ళు రెండు దారుల్లోనూ కనిపిస్తాయి, అంటే ఒక్కోటీ రెండుసార్లు. మొత్తం మీద వెతికేటప్పుడు పెద్ద ఎల్ లేకుండా ఉండటమే మంచిది.

దొరికినవాటితో పని

దొరికిన రిపోర్టులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి పంపాలనుకుందాం. ఉబుంటులో పెన్‌డ్రైవ్ /మీడియా/ కింద మీ యూజర్ పేరు ఫోల్డరులో కనిపిస్తుంది. దాని పేరు ఆక్వా, మీ యూజర్ పేరు ల్యాబు అయితే:

    ఫైండ్ ల్యాబ్ -టైప్ ఎఫ్ -ఐనేమ్ '*.పీడీఎఫ్' -ఎంటైమ్ -30 -ఎగ్జెక్ సీపీ -పీ --పేరెంట్స్ {} /మీడియా/ల్యాబు/ఆక్వా \;

ఎగ్జెక్ అంటే ఈ, ఎక్స్, ఈ, సీ అక్షరాలు. మీసాల బ్రాకెట్ల చోట దొరికిన ఒక్కో ఫైలు పేరూ వచ్చి కూర్చుంటుంది. చివరి వెనకవాలు గీత, సెమీకోలన్ ఎగ్జెక్ అక్కడితో అయిందని చెబుతాయి. పేరెంట్స్ అనేది వదిలేయకండి. అది లేకపోతే అన్ని మండలాల ఫైళ్ళూ ఒకే కుప్పగా పడతాయి, "రిపోర్టు1" లాంటి పేరు రెండు మండలాల్లో ఉంటే ఒకదాని మీద ఇంకొకటి రాసేస్తుంది. పేరెంట్స్ ఉంటే జిల్లా, మండలం ఫోల్డర్లు కూడా పెన్‌డ్రైవ్‌లో యథాతథంగా ఏర్పడతాయి.

ఇక తీసేయడం. ఫైండ్‌లో -డిలీట్ అనే మాట ఉంది, దానికి రీసైకిల్ బిన్ లేదు. ముందు -డిలీట్ లేకుండా కమాండ్ కొట్టి, వచ్చిన జాబితా మొత్తం చదవండి. అన్నీ తీసేయాల్సినవేనని నమ్మకం కుదిరాక, పై బాణం కీతో అదే కమాండ్ వెనక్కి తెచ్చుకుని చివర్న -డిలీట్ చేర్చండి. చివర్నే. షరతులకు ముందు పెడితే ఫైండ్ ఎడమ నుంచి కుడికి చదువుతూ, షరతు చూడకముందే అన్నిటినీ తుడిచేస్తుంది. రైతుల రిపోర్టుల లాంటివాటి మీద -డిలీట్ బదులు "-ఓకే ఆర్ఎం {} \;" వాడండి. అది ఒక్కో ఫైలుకూ తీసేయమంటారా అని అడుగుతుంది, అవునంటే ఇంగ్లీషు వై కొట్టాలి.

విండోస్, ఫోను

విండోస్‌లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే సదుపాయం) వేసుకుంటే పైవన్నీ అలాగే పనిచేస్తాయి. సీ డ్రైవు /ఎంఎన్‌టీ/సీ కింద ఉంటుంది. అది లేకుండా కమాండ్ ప్రాంప్ట్‌లోనే పని కానివ్వాలంటే:

    డీఐఆర్ /ఎస్ /బీ *.పీడీఎఫ్

ఎస్ లోపలి ఫోల్డర్లలోకి దిగుతుంది, బీ పూర్తి దారులు మాత్రమే చూపిస్తుంది. విండోస్‌లోనూ ఫైండ్ అనే కమాండ్ ఉంది, కానీ అది ఫైళ్ళ లోపల మాటలు వెతికేది. పేరు ఒకటే కదా అని ఈ ఉదాహరణలు అక్కడ కొట్టకండి.

ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే యాప్ వేసుకుని, "టెర్మక్స్-సెటప్-స్టోరేజ్" కొట్టి అనుమతి ఇస్తే ఫోను ఫైళ్ళు ~/స్టోరేజ్/షేర్డ్ కింద దొరుకుతాయి. రైతులు గుంట ఫోటోలు పంపేది వాట్సాప్‌లో కాబట్టి ఇది చాలా అక్కరకొస్తుంది. వాట్సాప్ ఫోటోల పేర్లలో తేదీ ఉంటుంది: ముందు ఐఎంజీ, అడ్డగీత, ఏడాది నెల తేదీ కలిపి ఎనిమిది అంకెలు, అడ్డగీత, డబ్ల్యూఏ, నాలుగు అంకెల సంఖ్య. అందుకని ఇక్కడ ఎంటైమ్ కంటే పేరే నమ్మదగ్గది. 2024 జూన్ 5న వచ్చిన ఫోటోలన్నీ కావాలంటే:

    ఫైండ్ ~/స్టోరేజ్/షేర్డ్/ -ఐనేమ్ 'ఐఎంజీ-20240605-*' 2>/డెవ్/నల్

జూన్ నెలంతా కావాలంటే 202406 వరకే ఉంచి తర్వాత నక్షత్రం పెట్టండి. వీడియోలకు ఐఎంజీ బదులు వీఐడీ. షేర్డ్ అనేది కూడా లింకే, కాబట్టి చివరి ఏటవాలు గీత ఇక్కడా ఉండాల్సిందే.